సాక్షి సంతకానికి వాటా రాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

నెల్లూరులో రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకొని ఇరవై ఏళ్లకు పైగా దస్తావేజులు రాస్తున్నాను. సహజీవనం గురించి పేపర్లో ఎవరు రాసినా తప్పా ఒప్పా అనే దగ్గరే తిరుగుతున్నారు. ఇష్టపడి కలిసుండే ఇద్దరు మేజర్లది నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పేసింది. నా బల్ల దగ్గరికి వచ్చే గొడవ అది కాదు, విడిపోయాక ఇల్లెవరిది అని.

పోయిన వేసవిలో ఒకామె జిరాక్సు కాగితాలు పట్టుకొని వచ్చింది. ఒంగోలు వైపు మనిషి, ఇక్కడ నర్సుగా చేస్తోంది, ఏడేళ్లు ఒకతనితో కలిసుంది. వేదాయపాలెం అవతల ముప్పై అంకణాల స్థలం కొన్నారు. అడ్వాన్సుకి ఆమె గాజులు, హారం తాకట్టు పెట్టింది, ఆ తర్వాత ఈఎంఐలో సగం ప్రతి నెలా అతని ఫోన్‌కి కొట్టేది. లోను తొందరగా వస్తుందని రిజిస్ట్రేషన్ మాత్రం అతనొక్కడి పేరు మీదే చేయించారు. ఇప్పుడు అతను ఇంట్లోవాళ్లు చూసిన సంబంధం చేసుకుంటున్నాడు. ఆమె చివరి పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది, "ఇదిగో అన్నా, నా సంతకం ఉండాది కదా, నాకూ వాటా ఉన్నట్టే కదా?" అని. సంతకం ఉంది, రెండో సాక్షిగా. ఆ దస్తావేజు నేను రాసింది కాదు, కానీ రాసినా అట్లాగే రాసుండేవాణ్ణి, ఎందుకంటే ఎవరి పేరు మీద అని అడుగుతాం గానీ డబ్బెవరిది అని మేం అడగం.

చట్టం ఏమీ ఇవ్వలేదని కాదు. 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి బంధంలో ఉన్న ఆడమనిషికి కూడా వర్తిస్తుంది, కలిసున్న ఇంట్లోంచి ఆమెను మెడపట్టి గెంటడానికి లేదు, ఖర్చులకు డబ్బు కూడా అడగొచ్చు. కాకపోతే ఆ బంధం ఎట్లాంటిదో ముందు ఆమే నిరూపించుకోవాలి, చాలాకాలం కలిసుండాలి, నలుగురిలో భార్యాభర్తల్లాగా మెలిగుండాలి, ఇద్దరికీ పెళ్లి చేసుకునే అర్హత ఉండాలి. అతనికి అప్పటికే పెళ్లయిందని తెలిసీ కలిసున్న ఒకామెకు 2013లో సుప్రీంకోర్టులోనే ఈ చట్టం కింద ఊరట దొరకలేదు. సరే, అన్నీ నెగ్గినా దొరికేది తలదాచుకునే హక్కు, స్థలంలో వాటా కాదు.

అసలు చిక్కు బినామీ చట్టంలో, అంటే ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద కొనకూడదనే చట్టంలో ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. లెక్క చెప్పగల డబ్బుతో భార్య పేరు మీదో, భర్త పేరు మీదో, పిల్లల పేరు మీదో కొంటే అది బినామీ కాదని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. కలిసి బతికే మనిషికి ఆ మినహాయింపు లేదు. అంటే డబ్బు నేనిచ్చాను, స్థలం నాదే అని కోర్టుకెళ్తే, వాటా సంగతి అటుంచి, ఆ మాటే ఎదురుతిరిగే ప్రమాదం ఉంది. ఇది ఆడవాళ్ల కష్టమే అనుకోకండి, కలిసున్న ఆడమనిషి పేరు మీద ఇల్లు కట్టించి బయటికొచ్చిన మగవాళ్లనూ చూశాను, వాళ్లకు గృహహింస చట్టం కూడా లేదు. పెళ్లయినవాళ్లకు మాత్రం సగం ఆస్తి దానంతటదే వస్తుందా అంటే రాదు, కానీ భర్త వీలునామా రాయకుండా పోతే భార్య మొదటి వరస వారసురాలు, కలిసున్నామె ఏ వరసలోనూ లేదు.

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి సహజీవనాన్ని నమోదు చేసుకోవాలి, చేసుకోకపోతే జైలు కూడా ఉంది, విడిచిపెడితే ఆమె భరణం అడగొచ్చు. నా మటుకు నాకు ఆ పద్ధతి నచ్చలేదు. ఎవరు ఎవరితో ఉంటున్నారో సర్కారుకెందుకు, రాయించాల్సింది ఎవరు ఎంత పెట్టారో. ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉంటే, ఎవరెంత ఇచ్చారో తేలకపోతే వాటాలు సమానమేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే అనుకుంటుంది. ఒక్క పేరు అదనంగా రాయడానికి నాకు పట్టేది రెండు నిమిషాలు.

ఆమెను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లమన్నాను, ఆడవాళ్లకు ఎంత ఆదాయమున్నా అక్కడ వకీలును ఉచితంగా పెడతారు. ఫోన్‌లో పంపిన డబ్బుల స్టేట్‌మెంట్ తీయించమన్నాను, స్థలం రాకపోయినా ఇచ్చిన డబ్బయినా అడగొచ్చు, దానికీ మూడేళ్లే గడువు. తాకట్టు రసీదులు ఉన్నాయా అని అడిగితే, ఇల్లు మారేటప్పుడు పారేశామంది.

పార్లమెంటు బినామీ చట్టంలో ఆ మినహాయింపును కలిసుండేవాళ్లకూ ఇవ్వాలి, అది ఎప్పటికవుతుందో తెలియదు. ఈలోపు రిజిస్ట్రేషన్ శాఖ చేయగలిగింది ఒకటుంది. ఆఫీసు గోడ మీద స్టాంపు డ్యూటీ రేట్ల పక్కనే ఇంకో బోర్డు పెట్టించండి: డబ్బు ఇద్దరిదైతే పేర్లూ ఇద్దరివీ రాయించుకోండి, సాక్షి సంతకానికి వాటా రాదు అని. పెద్ద అక్షరాలతో, తెలుగులో.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
నెల్లూరు.