కొండ ఎక్కే స్కీయర్లకు చలికన్నా చెమటతోనే ముప్పు

సంపాదకులకు నమస్కారం.

మంచు కొండల్లో స్కీయింగ్‌కు వెళ్లేవారి దుస్తుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఎన్ని వెచ్చని బట్టలు వేసుకుంటే అంత మంచిదని అందులో చెప్పిన సలహా, లిఫ్టులో పైకి వెళ్లి జారుతూ దిగే రిసార్టు స్కీయింగ్‌కు కొంతవరకు సరిపోవచ్చు గానీ, వెనక్కి జారకుండా పట్టునిచ్చే స్కిన్స్ అనే పట్టీలను స్కీల అడుగున అంటించుకుని గంటల తరబడి సొంత కాళ్ల మీద కొండ ఎక్కే బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌కు పనికిరాదు సరికదా, ప్రమాదకరం కూడా.

ఎక్కేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో మహా అయితే నాలుగో వంతు పనికి వస్తుంది, మిగిలినదంతా వేడే. మందపాటి జాకెట్ తొడుక్కుని ఎక్కితే ఆ వేడి బయటకు పోయే దారి లేక లోపలి బట్టలన్నీ చెమటతో తడిసిపోతాయి. నడుస్తున్నంతసేపూ ఆ సంగతి పెద్దగా తెలియదు. శిఖరం మీద ఆగి, స్కిన్స్ ఊడదీసి మడతపెట్టి, బూట్లు బిగించుకునే ఆ కాసేపట్లోనే వణుకు మొదలవుతుంది. ఎందుకంటే అప్పటికి ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోతుంది, నీరేమో గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. దానికి తోడు దిగేటప్పుడు ఎదురుగాలి ఉండనే ఉంటుంది. మైనస్ 10 డిగ్రీల చలిలో ఆకు కదలకపోయినా, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో జారేవారి ముఖానికి అది మైనస్ 21 డిగ్రీల చలిలా తగులుతుంది.

అందుకే బయలుదేరేటప్పుడు ఒంటికి కాస్త చలి వేస్తూ ఉండాలి. కారు దిగిన చోటే హాయిగా వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే లెక్క. ఎంత చెప్పినా కొత్తవారు మొదట వినని మాట ఇదే.

ఒంటికి ఆనుకుని ఉండే పొర నూలుబట్ట కాకూడదు. అది చెమటను పీల్చుకుని ఎంతకీ ఆరదు. మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపల దాచుకున్నా ఒంటికి తడిగా తగలదు, వాసన కూడా త్వరగా పట్టదు. పాలియెస్టర్ తేమను దాదాపు పీల్చుకోదు కాబట్టి త్వరగా ఆరుతుంది, కానీ రెండో రోజుకే దాని వాసన పక్కవారికి తెలిసిపోతుంది. రోజంతా గట్టిగా ఎక్కేవారికి పాలియెస్టర్, గుడిసెల్లో రాత్రి బస చేస్తూ రోజుల తరబడి తిరిగేవారికి ఉన్ని మేలని నా అభిప్రాయం. దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగుబట్టతో చేసిన పలుచని పొర ఒకటి చాలు.

ఎక్కువ డబ్బు పోసేదీ, ఎక్కువ భ్రమ పడేదీ గాలినీ నీటినీ ఆపడానికి అన్నిటికన్నా పైన వేసుకునే షెల్ జాకెట్ విషయంలోనే. 20,000 మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకుంటుందని చీటీ మీద రాసి ఉన్నంత మాత్రాన అది చెమటను కూడా అంత బాగా బయటకు పంపుతుందని కాదు. ఆవిరిని వదిలే పొర ఎంత మేలైనదైనా, నిటారు వాలు ఎక్కేవారికి పట్టే చెమటతో పోటీ పడలేదు. ఆ పని చంకల కింద, తొడల పక్కన ఉండే జిప్పులే బాగా చేస్తాయి. గాలి, హిమపాతం లేని రోజున షెల్ ఉండవలసింది ఒంటి మీద కాదు, సంచిలో. దానితో పాటు షెల్ మీదుగా కూడా పట్టేంత వదులైన దళసరి జాకెట్ ఒకటి ఉండాలి. ఆగిన మరుక్షణమే, చలి వేసేదాకా చూడకుండా, దాన్ని తొడుక్కోవాలి. ఈకలతో నింపిన డౌన్ జాకెట్ తేలికే గానీ తడిస్తే ఉండకట్టిపోతుంది. తేమ ఎక్కువగా ఉండే కొండల్లో సింథటిక్ నింపిందే నమ్మకం.

చేతులకు ఎక్కేటప్పుడు పలుచని గ్లవ్స్, దిగేటప్పుడు మందపాటివి, సంచిలో మరో జత. మేజోళ్లు మాత్రం ఒక్క జతే వేసుకోవాలి. రెండు జతలు వేస్తే బూటు బిగుసుకుని, రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

చివరగా, వ్యాసంతో పాటు వేసిన ఫొటో గురించి. అందులోని వ్యక్తి కొండవాలు మీంచి విరుచుకుపడే మంచు కింద కూరుకుపోయినవారిని వెతకడానికి వాడే ట్రాన్సీవర్ అనే రేడియో పరికరాన్ని జాకెట్ పైన కట్టుకుని కనిపిస్తున్నారు. అలా విరుచుకుపడే మంచు దాన్ని ఊడ్చుకుపోగలదు. దాని పట్టీని ఒంటిపొర మీదే కట్టుకుంటే, పైబట్టలు ఎన్నిసార్లు తీసి వేసుకున్నా దాన్ని విప్పే పని ఉండదు. అయస్కాంతపు గుండీలున్న జాకెట్లు, బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్, మొబైల్ ఫోన్లు దాని సంకేతాలకు అడ్డు తగులుతాయి. ఇటువంటివి మామూలుగా దానికి కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కనీసం ఈ ఫొటో విషయంలోనైనా వచ్చే ఆదివారం సంచికలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు