ఎడారి గులాబీకి రోజూ నీళ్లా?

సంపాదకులకు నమస్కారం.

మిద్దెతోటల పేజీలో ఎడారి గులాబీ (అడీనియం) గురించి రాస్తూ ‘రోజూ తడపాలి’ అన్నారు. కాకినాడ లాంటి ఊళ్లో అలా చేస్తే మొక్క వానాకాలం దాటదు. ఆఫ్రికా, అరేబియా ఎండల్లో పుట్టిన జాతి ఇది. ఆ లావు మొదలు నీళ్లు దాచుకోవడానికే. వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. మట్టి పొడిగా ఉండి మొదలు కాస్త మెత్తబడితే పోయాలి. మట్టి తడిగా ఉండగానే మెత్తబడిందంటే కుళ్లు పట్టినట్టే. అప్పుడు మొక్కను పైకి తీసి, కుళ్లంతా పోయి గట్టి భాగం కనిపించేదాకా కోసి, నీడలో బాగా ఆరబెట్టి మళ్లీ నాటుకోవాలి. నేను మట్టి తక్కువ, ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఎక్కువ కలుపుతాను. జల్లులు మొదలవగానే కుండీలన్నీ సన్‌షేడ్ కిందకి. (మా వారు మాత్రం జాలిపడి చెంబుతో పోస్తూనే ఉంటారు!)

ఇంకో మాట. ఇది గన్నేరు కుటుంబానిదే, పాలు విషం. ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. కొమ్మలు కత్తిరించమన్నారు గానీ చేతులు కడుక్కోమని రాయలేదు. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లూ మీ పేజీ చదువుతారు. ఈ సవరణ వచ్చే వారం కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ