నెల్లూరులో సర్వమత సేవకు చదువు పెట్టించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరులో స్టాఫ్ నర్సుని. ఆసుపత్రుల్లో అన్ని మతాల రోగులకూ ఆధ్యాత్మిక తోడు ఇచ్చేవాళ్లను తయారుచేసే పీజీ డిప్లొమా ఒకటి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో పెట్టించమని కోరుతున్నాను.

ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక సాయిబు గారికి అర్ధరాత్రి ఊపిరి అందక ప్రాణం మీదికొచ్చింది. తోడుగా ఉన్నది పక్కింటి హిందూ రైతు. "అమ్మా, ఈయన చెవిలో కలిమా, అదే వాళ్ల విశ్వాస వాక్యం, చదివేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని వార్డంతా తిరిగాడు. చివరికి గేటు దగ్గరి వాచ్‌మన్ పైకొచ్చి, చెప్పులు బయట విడిచి, మంచం పక్కన వంగి చదివాడు. ఆయన డ్యూటీలో లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? తులసి తీర్థం అడిగేవాళ్లకూ, ప్రార్థన చేసే పాస్టర్ కోసం చూసేవాళ్లకూ ఇదే అవస్థ.

మతవిద్యకు మనకు కొదవలేదు. 2006 నుంచి తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం ఉంది. బెంగాల్‌లోని క్రైస్తవ సేరంపూర్ కళాశాలకు డిగ్రీలిచ్చే అధికారం 1827లోనే వచ్చింది. మదర్సాలు ఆలిమ్‌లను, అంటే ఇస్లాం పండితులను, తయారుచేస్తున్నాయి. అయితే అవన్నీ ప్రధానంగా ఎవరి మతానికి వాళ్లను సిద్ధం చేసేవి. మన సైన్యం మాత్రం పండిట్‌నీ, మౌల్వీనీ, సిక్కు గ్రంథినీ, పాద్రీనీ చేర్చుకుని, పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ ఇస్తోంది. సైనికుడికి ఉన్న ఆ తోడు రోగికి ఎందుకు ఉండకూడదు?

అమెరికాలో 1925లో ఆంటన్ బాయ్‌సెన్ అనే పాస్టర్ మానసిక ఆసుపత్రిలోనే, రోగులకు ఆధ్యాత్మిక తోడు ఇచ్చే ఈ శిక్షణ మొదలుపెట్టాడు. ఇప్పుడక్కడ ఒక్కో యూనిట్ కనీసం 400 గంటలు. రోగితో నడిచిన సంభాషణను విద్యార్థి గుర్తున్నంతవరకూ మాటకు మాట రాసి తెస్తాడు. తొందరపడి ఎక్కడ ఓదార్చాడో, రోగి ఏడవబోతుంటే మాట ఎక్కడ మార్చాడో గురువు, తోటివాళ్లు కూర్చుని చూస్తారు. మనకు కావలసింది ఈ పద్ధతి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో తెచ్చుకునే సర్టిఫికెట్ వద్దు.

మతమార్పిడి భయం చాలామందికి ఉంటుంది, అది న్యాయమే. పిలిస్తేనే వెళ్లాలి, తన మతం గురించి బోధించకూడదు అన్న నియమం సిలబస్‌లోనూ ఉద్యోగ నిబంధనల్లోనూ రాయించండి. రొట్టెల పండుగలో బారాషహీద్ దర్గా దగ్గర ఆరోగ్య రొట్టె పట్టేవాళ్ల మతం ఎవరూ అడగని ఊరు ఇది. ఈ చదువు ఇక్కడ నిలబడుతుందని నా నమ్మకం.

సగం కాలం తరగతిలో, సగం నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో నడపండి. అర్చకులు, ఇమాములు, పాస్టర్లతో పాటు మా నర్సులకూ సీట్లు ఇవ్వండి. ఆరోగ్యశాఖతో మాట్లాడి పోస్టులు కూడా మంజూరు చేయించండి. పోస్టు లేని డిప్లొమాలో ఎవరూ చేరరు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, నెల్లూరు