రేబీస్ టీకాతో పాటు పురుగుల మాత్ర కూడా

సంపాదకులకు నమస్కారం.

ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం పేరిట పశుసంవర్ధక శాఖ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకాలు వేయిస్తోంది. 1885లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక బాలుడికి తొలిసారి ఈ టీకా వేసిన రోజది. ఆ శిబిరాల వార్తలు మీ జిల్లా పేజీల్లో ఫొటోలతో సహా వస్తుంటాయి. ఉద్యోగమంతా పశువైద్యశాలల్లోనే గడిపినవాడిగా వాటి విలువ నాకు తెలుసు. అయితే అదే బల్ల దగ్గర, అదే కుక్కకు, గొలుసు పట్టుకొని యజమాని ఎదురుగా ఉండగానే చేయదగిన మరో పని చాలాచోట్ల జరగడం లేదు. టీకాతో పాటు కడుపులోని పురుగులకు మాత్ర వేసి పంపాలన్నదే నా మనవి.

పురుగుల మందు పంచడం మన ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం కింద 1 నుంచి 19 ఏళ్ల వయసు వారికి అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. గొర్రెలకు, మేకలకు విడతల వారీగా ఊరూరా నట్టల నివారణ మందు తాగిస్తున్నారు. వీధి కుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనైతే, పట్టుకున్న కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సతో, టీకాతో పాటు పురుగుల మందు కూడా వేసి వదలాలని ఉంది. అంటే పిల్లవాడికి, గొర్రెకు, కనీసం కాగితం మీద వీధి కుక్కకు కూడా మందు ఉంది. ఆ పిల్లవాడితో ఆడుకొనే, ఆ గొర్రెల వెంట తిరిగే పెంపుడు కుక్క వంతు మాత్రం యజమాని జేబుకు, జ్ఞాపకానికి వదిలేశాం. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మనుషుల పేగుల్లో పెరిగే పురుగులను ఉద్దేశించినది. కుక్క నుంచి వచ్చి ఒంట్లో తిరిగే లార్వాల (పురుగు పిల్లదశల) సంగతి ఏడాదికి ఒకటి రెండు మాత్రలతో తేలేది కాదు.

గొర్రెల మందలున్న ఊళ్లలో పనిచేసినవారికి నీటితిత్తులు కొత్త కావు. ఆదివారం పొద్దున మాంసం దుకాణంలో కార్జం మొద్దు మీద పెట్టినప్పుడు, దానికి నీళ్లు నిండిన తెల్లటి తిత్తి కనిపిస్తే, కొట్టేవాడు కత్తి మొనతో ఆ ముక్కను కోసి పక్కకు విసురుతాడు. అక్కడే కాచుకొని ఉన్న కుక్క దాన్ని మింగేస్తుంది. కొనేవాడు శుభ్రమైన కార్జం దక్కిందని సంచీ పట్టుకొని వెళ్తాడు. ఆ తిత్తిలో ఉండేవి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశలు. కుక్క పేగుల్లో అవి ఆరేడు వారాల్లో ఎదిగి గుడ్లు వదలడం మొదలుపెడతాయి. ఎదిగిన పురుగు పొడవు కొన్ని మిల్లీమీటర్లకు మించదు కనుక యజమాని కంట పడదు, కుక్క కూడా చిక్కిపోకుండా హుషారుగానే ఉంటుంది. గుడ్లు గడ్డితో పాటు గొర్రె కడుపులోకి వెళ్తే గొర్రెకు, కడగని చేతుల వల్లనో పచ్చి కూరగాయల వల్లనో మన నోట్లో పడితే మనకు తిత్తులు వస్తాయి. మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో అవి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగి, మరెందుకో చేయించిన స్కానింగులో బయటపడేసరికి వ్యవహారం ఆపరేషన్ దాకా వస్తుంది. తిత్తి లోపల పగిలితే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ కూడా కలగవచ్చు. గొర్రెలకు మామూలుగా తాగించే నట్టల మందు కాలేయంలోని ఈ తిత్తిని కరిగించదు. కుక్కకు వేసే ప్రాజిక్వాంటెల్ మాత్ర మాత్రం దాని పేగుల్లోని బద్దెపురుగును చంపుతుంది. గొర్రెల మందు మీద అంత ఖర్చు చేస్తూ, మంద వెంట ఉండే రెండు కుక్కలను వదిలేయడంలోని తర్కం నాకు ఏనాడూ బోధపడలేదు.

ఊళ్ల సంగతి అలా ఉంటే, పట్టణాల్లో ముచ్చటపడి పెంచుకునే కుక్కపిల్లలది మరో సమస్య. తల్లి కండరాల్లో నిద్రాణంగా ఉన్న టాక్సోకారా అనే గుండ్రటి పేగుపురుగు లార్వాలు అది చూలుతో ఉన్నప్పుడు మేలుకొని కడుపులోని పిల్లలకు చేరతాయి, కొన్ని పాలతోనూ వెళ్తాయి. అందువల్ల తల్లికి ఎంత మంచి తిండి పెట్టినా పిల్లలు పురుగులతోనే పుట్టవచ్చు. పొట్ట ఉబ్బిన కుక్కపిల్లను చూసి బొద్దుగా ఉందని మురిసిపోయేవారు చాలామంది. అది సేమ్యా లాంటి పురుగులను కక్కినప్పుడు గానీ ఆసుపత్రికి తీసుకురారు. నిజానికి రెండో వారం నుంచే మందు మొదలుపెట్టి, పాలు మరిచేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి, ఆపైన కనీసం మూడు నెలలకోసారి వేయాలి. తల్లికి కూడా అదే సమయంలో పడాలి. కుక్కపిల్లల విషయంలో బరువు చూసి పశువైద్యుడు రాసిన మోతాదే వాడాలి తప్ప పక్కింటివారి కుక్కకు వేసిన మాత్రలో సగం విరిచి వేయకూడదు.

ఈ పురుగు గుడ్లు మనిషి కడుపులో పడితే లార్వాలు కాలేయం, ఊపిరితిత్తులు, ఒక్కోసారి కంటి దాకా తిరుగుతాయి. కంట్లోకి చేరితే పిల్లల్లో ఒక కన్ను చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. అవి మనలో పెద్ద పురుగులుగా ఎదగవు కాబట్టి మలపరీక్షలో గుడ్లు కనబడవు. విడవని దగ్గు, పిల్లికూతలు, రక్తంలో బాగా పెరిగిన ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలతో వచ్చిన పిల్లవాడిని, ఇంట్లో కుక్కపిల్ల గానీ పిల్లి గానీ ఉందా అని వైద్యులు అడగడం మంచిది. ఇస్నోఫీలియా అని మందులు రాయడంతో పాటు ఆ ఒక్క ప్రశ్న వేస్తే కొన్ని కేసుల్లోనైనా దారి దొరుకుతుంది.

ఊరట కలిగించే విషయమూ ఒకటుంది. టాక్సోకారా గుడ్లు మలంతో పడిన వెంటనే అంటుకోవు. పిండం ఎదిగి హాని చేసే దశకు రావడానికి సుమారు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి కుక్క వేసిన మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి, మూతి కట్టి పారవేస్తే ఈ పురుగు విషయంలో సగం పని అయిపోయినట్లే. వదిలేస్తే మట్టిలో అవి ఏళ్ల తరబడి బతుకుతాయి, ఫినాయిల్ పోసినా చావవు. ఎకైనోకాకస్ గుడ్లకు ఈ గడువు కూడా లేదు, పడినప్పటి నుంచే అంటుకోగలవు. అందుకే ఎత్తిన చేతిని సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి. శానిటైజరు రాసుకుంటే ఈ గుడ్లకు ఏమీ కాదు. ఇల్లు కట్టుకొనేవారు వీధిలో పోయించే ఇసుక కుప్ప గురించి కూడా చెప్పాలి. పగలు పిల్లలు గూళ్లు కట్టుకునేది, రాత్రి పిల్లులు గోతులు తవ్వి మలం కప్పెట్టేది ఆ కుప్పలోనే. దాని మీద ఒక టార్పాలిన్ కప్పించడం మేస్త్రీకి పెద్ద పని కాదు. కొంకిపురుగుల లార్వాలు ఉత్త కాళ్ల చర్మంలోకి దూరి, మెలికలు తిరిగే ఎర్రటి దురద చారలు తెచ్చేది కూడా ఇలాంటి చోట్లే.

ఇవన్నీ విని కుక్కను ఇంట్లోంచి వెళ్లగొట్టమని చెప్పడం నా ఉద్దేశం కాదు. వేళకు మందు పడిన కుక్క ఇంట్లోవాళ్లకు పెద్ద ప్రమాదకారి కాదు, వదిలేసిన కుక్క ఊరందరికీ ప్రమాదమే.

జులై శిబిరంలో ఒక్కసారి మాత్ర వేస్తే ఏడాదంతా పనిచేయదన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. అది నిజమే, మాత్ర అప్పుడు ఉన్న పురుగులనే చంపుతుంది. కానీ టీకా కార్డు మీద తర్వాతి మోతాదు తేదీ రాసి ఇస్తే యజమానికి ఒక ఆధారం ఉంటుంది. గొర్రెలకు నట్టల మందు తాగించే బృందాలు ఊరికి ఎలాగూ వస్తాయి కనుక, మంద కుక్కలకు వారి చేతనే ప్రాజిక్వాంటెల్ వేయిస్తే అదనపు ప్రయాణం కూడా అక్కర్లేదు. ఇక మాంసం దుకాణాల అనుమతులు పురపాలక, పంచాయతీ అధికారుల చేతిలోనే ఉన్నాయి. తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు వేయకుండా మూత ఉన్న డబ్బాలో వేసి, కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయాలన్న షరతును అనుమతి పత్రంలో చేర్చి, ఆదివారాల్లో ఒకసారి తనిఖీకి వెళ్లాలి. శిబిరాలకు మందుల ఇండెంట్లు ముందుగానే పంపాలి కాబట్టి, పశుసంవర్ధక శాఖ ఈసారి టీకాల పక్కనే ఈ మాత్రలను కూడా చేర్చవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
అనంతపురం జిల్లా