వ్యానులో ఎనభై లీటర్లు

ఒరేయ్ బావా,

నిన్న రాత్రి పట్టిన వాన ఇంకా వదల్లేదు. వ్యాను పైకప్పు మీద ఆ చప్పుడు వింటుంటే మన హైస్కూలు రేకుల షెడ్డు గుర్తొస్తోంది. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, పడమటి తీరాన, హొకిటికా అనే చిన్న ఊళ్ళో ఉన్నాం. ఇవాళ కదిలేది లేదు. మీ చెల్లెలు ఉప్మా తిని మళ్ళీ దుప్పటి కప్పుకుంది. నేను మడత బల్ల వేసుకుని నీకు రాస్తున్నా. ఫోన్లో మాట్లాడితే ఇవన్నీ చెప్పడం కుదరదు.

బయలుదేరి ఇరవై రోజులైంది. క్రైస్ట్‌చర్చ్‌లో విమానం దిగగానే మొదటి పరీక్ష బూట్లకి. మన పొలంలో వేసుకున్న బూట్లని, దేశంలోకి వచ్చేవాళ్ళు నింపే కార్డులో రాశాను. ఆఫీసరమ్మాయి అడుగుభాగం తిప్పి చూసి, గాళ్ళలో ఇరుక్కున్న ఎర్రమట్టి వేలితో చూపించి, లోపలికి తీసుకెళ్ళి శుభ్రం చేయించి తెచ్చిచ్చింది. పశువులూ పంటల మీద బతికే దేశం. బయటి తెగులు ఒక్కటి దిగినా వాళ్ళకి పెద్ద దెబ్బ. అంత జాగ్రత్త చూసి నాకు గౌరవం కలిగింది.

వ్యాను గురించి అడిగావు కదా. ముందు రెండు సీట్లు, వెనక రాత్రికి మంచమయ్యే బెంచీలు, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్, అరచేయంత సింకు, మూల ఓ టాయిలెట్. ఇక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి మొదటి రోజు టెన్షన్ రెండో రోజుకి లేదు. పల్లె దారుల్లో వంతెనలు చాలావరకు ఒక్క బండి పట్టేంతే. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగి ఎదుటివాణ్ణి రానివ్వాలి. ఎవరూ హారన్ కొట్టరు. దాటాక చెయ్యి ఊపి వెళ్తారు.

దిక్కులే నన్ను తికమక పెట్టాయి. ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఎండ కోసం ఇళ్ళ కిటికీలు ఉత్తరానికి పెట్టుకుంటారు. దక్షిణమనుకుని ఉత్తరానికి నడిచి రెండుసార్లు దారి తప్పాను.

అసలు చెప్పాలనుకున్నది నీళ్ళ సంగతి. వ్యాను ట్యాంకులో పట్టేది ఎనభై లీటర్లు. వంట, గిన్నెలు, స్నానం అన్నీ అందులోనే. వాడిన నీళ్ళు కింద ఇంకో ట్యాంకులోకి పోతాయి. వాటినీ, టాయిలెట్ డబ్బానీ ఎక్కడపడితే అక్కడ ఒంపకూడదు, అందుకని ఊరూరా కట్టిన చోటే ఖాళీ చెయ్యాలి. ఆ పని నాది. మూడో రోజు లిండిస్ పాస్ అనే కనుమ దాటాక ఓ క్యాంపులో ఆగాం. మీ చెల్లెలు తలకి షాంపూ పెట్టుకుంది, పంపు గుర్రుమని ఆగిపోయింది. చుక్క లేదు. తాగడానికి దాచిన రెండు లీటర్ల సీసా తీసి నేను చెంబుతో పోస్తుంటే, తను కళ్ళు మూసుకునే "కొంచెం కొంచెంగా పొయ్యి, ఇంకో చెంబు మిగలాలి" అంది. ఒక్క క్షణం కనిగిరిలో ఉన్నట్టే అనిపించిందిరా. ఎండాకాలం నువ్వూ నేనూ సైకిలుకి రెండేసి బిందెలు కట్టుకుని, ఫ్లోరైడ్ లేని నీళ్ళ కోసం పొలాల మధ్య బావికి పోయిన రోజులు. తొణికితే మా అమ్మ ఏమీ అనేది కాదు, బిందెలోకి చూసేది, అంతే. ఆ చూపు నాకింకా గుర్తే.

ఆ రాత్రి నుంచి లెక్క పెట్టాం. బియ్యం కడిగిన నీళ్ళతోనే గిన్నెలు ఒకసారి తొలుస్తున్నాం. స్నానానికి మనిషికి ఆరు లీటర్లు. ఎనభై లీటర్లు ఇద్దరికి మూడు రోజులు హాయిగా వస్తున్నాయి. ఇంట్లో నేను గడ్డం గీసుకునేటప్పుడే అంత పారబోస్తానేమో.

ఇంతా చేసి ఈ దేశం నీళ్ళ మధ్యే ఉంది. పడమటి సముద్రం మీంచి వచ్చే మబ్బుల్ని సదరన్ ఆల్ప్స్ కొండలు అడ్డుకుంటాయి. ఇటు హొకిటికాలో ఏడాదికి 2,800 మిల్లీమీటర్ల పైన వాన. ఇంకా కిందికి, మిల్‌ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయ దగ్గర 6 మీటర్లకి పైనే. కొండకి అటు పక్క టెకపో అనే ఊరి వైపు అంతా ఎండు గడ్డి. పడమటి కనుమలకి అటు మంగళూరు తడుస్తుంటే ఇటు మన అనంతపురం ఎండిపోతుంది చూడు, అదే కథ.

పుకాకి చెరువు రంగు ఫోటోలో రాదు. మంచునదులు కదులుతూ కింది రాయిని, మనం సానరాయి మీద గంధం అరగదీసినట్టు, మెత్తటి పిండి చేస్తాయి. ఆ పిండి నీళ్ళలో తేలడం వల్ల పాలు కలిపిన నీలంలా ఉంటుంది. ఒడ్డున నిలబడితే ఎదురుగా 3,724 మీటర్ల అవొరాకి, మౌంట్ కుక్ అంటారే, అదే. దాని పక్కనే టాస్మన్ గ్లేసియర్, దేశంలోకెల్లా పొడవైనది. ఇప్పుడు దాని ముందున్న చెరువు 1970లకి ముందు లేనే లేదట. కరిగిన మంచే చెరువైంది, పడవలు తిరిగేంత పెద్దది. మంచు గడ్డలు తేలుతున్నాయి. మీ చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. నాకూ గొంతు పట్టేసింది. అంత నీళ్ళు చూసి బాధపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మిల్‌ఫర్డ్ దారిలో హోమర్ టన్నెల్ అని ఒకటుంది, 1.2 కిలోమీటర్లు. లోపల గోడలకి నునుపు లేదు, రాయి చెక్కింది చెక్కినట్టే ఉంది, నీళ్ళు కారుతున్నాయి, దారి పల్లానికి దిగుతుంది. 1935లో పని దొరకని కాలంలో కూలీలు గునపాలతో, చక్రాల తొట్లతో మొదలుపెట్టారు. మంచు చరియలు పడి మనుషులు పోయారు. బండ్లు తిరగడానికి 1954 దాకా పట్టింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కియా అనే కొండ చిలక వచ్చి మా అద్దం రబ్బరు పీకడం మొదలుపెట్టింది. ఆలివ్ రంగు, రెక్క విప్పితే అడుగున నారింజ. తిండి పెట్టకూడదని బోర్డు ఉంది, పెట్టలేదు. మేం పొయ్యేదాకా మా వైపే చూస్తూ కూర్చుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. టెకపో చుట్టుపక్కల 2012లో చీకటి ఆకాశాన్ని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. వీధి దీపాల వెలుగు పైకి పోకుండా కప్పు పెడతారు. రాత్రి పదకొండుకి దుప్పట్లు కప్పుకుని బయట కూర్చున్నాం. ఓరియన్ నక్షత్రాల గుంపు తలకిందులుగా ఉంది. మీ నాన్న మిద్దె మీద పడుకోబెట్టి మనకి అగస్త్య నక్షత్రం చూపించేవాడు గుర్తుందా, దక్షిణాన చింతచెట్టు కొమ్మల మీదుగా, ఎంతో కిందికి? అది ఇక్కడ దాదాపు నడినెత్తి మీద ఉంది. మీ నాన్న ఉంటే అప్పటికప్పుడు ఫోన్ చేసేవాణ్ణి.

వాన తగ్గింది. మీ చెల్లెలు లేచి కిటికీ తీసింది. గొట్టం తగిలించి ట్యాంకు నింపాలి, రేపు ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్ దారి. మా చెల్లెమ్మని అడిగినట్టు చెప్పు. మన వీధి కుళాయికి నీళ్ళు రోజూ వస్తున్నాయా, రోజు విడిచి రోజేనా? రాయి.

నీ బావ