వచ్చే నెల నుంచి మన కర్రీ పాయింట్‌లో ఏం మారుతోందంటే

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లి కర్రీ పాయింట్ నుంచి రాస్తున్నాను. ఒకటో తారీఖు నుంచి మన దగ్గర కొన్ని మారుతున్నాయి, అందులో రేటు కూడా ఉంది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. వేపుళ్లన్నీ పావు కిలోకి పది రూపాయలు పెరుగుతాయి. పప్పు, పులుసు, కూరలు, పచ్చళ్లు పాత రేటే.

మిగతావి ఎందుకు మారుతున్నాయో అర్థం కావాలంటే మా మేనకోడలి సంగతి చెప్పాలి. కౌంటర్ పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడి, మేం తూకం వేసినప్పుడల్లా ఏదో రాసుకునే అమ్మాయి ఎవరక్కా అని చాలామంది అడిగారు, ఒకాయనైతే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనుకుని నన్ను పక్కకి పిలిచి జాగ్రత్త చెప్పాడు. ఆ పిల్ల మా అన్నయ్య కూతురు. సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చదువుతోంది, అంటే పర్యావరణానికి చేటు తగ్గించుకుంటూ వ్యాపారం నడిపే చదువు. ప్రాజెక్టు ఏదైనా కంపెనీలో చేసుకోవచ్చుగా అంటే, "కంపెనీలో నాకు పీపీటీలు చూపిస్తారత్తా, నువ్వైతే బిల్లులు చూపిస్తావు" అని సూట్‌కేసుతో దిగింది.

ప్లాస్టిక్ కవర్లతో మొదలుపెడుతుందని మా ఆయనా నేనూ ఎదురుచూస్తుంటే, తను గ్యాస్ బిల్లులు తీయమంది. మనం వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. కిలో ఎల్‌పీజీ కాలితే దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందట. కిలో గ్యాస్‌లోంచి 3 కిలోలు ఎలా వస్తుందే అని అడిగితే, మంటకి గాల్లోని ఆక్సిజన్ తోడవుతుంది కదత్తా, ఆ బరువు అక్కణ్నించి వస్తుంది అంది. అంటే ఒక్క సిలిండర్ ఖాళీ అయ్యేసరికి 57 కిలోలు. గ్యాసు, కరెంటు, బండి పెట్రోలు, కవర్లు అన్నీ పక్కపక్కన రాసి చూస్తే పొయ్యితో పోలిస్తే కవర్ల వాటా ఎంత చిన్నదంటే, మా ఆయన కాగితం తిరగేసి వెనక ఇంకా ఏమైనా రాసిందా అని చూశాడు. (అలాగని కవర్లు మంచివని కాదు. రాజకాలువలో, అదే వాననీళ్లు పోయే పెద్ద కాలువలో ఇరుక్కునే కవరుది వేరే పాపం, అది కార్బన్ లెక్కలో కనబడదు.)

అయితే ఇండక్షన్ పొయ్యిలు పెట్టేద్దాం అన్నాను, మీలో ఐటీవాళ్లు కూడా అదే సలహా ఇచ్చారు. తను లెక్కేసి వద్దంది. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది, సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా ఇచ్చే లెక్క ప్రకారం సగటున యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. గ్యాస్ మంటలో సగం వేడి గిన్నె పక్కనుంచి వృథాగా పోతుందనుకున్నా సరే, అదే పప్పు ఉడకడానికి గ్రిడ్ కరెంటుతోనే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వస్తోంది. మేడ మీద సొంత సోలార్ ఉంటే కథ వేరు. మాది అద్దె షాపు, పైన పీజీ హాస్టల్, ఆ పైన పీజీ పిల్లల బట్టలు. ఇక చివరికి చేసిందేమిటంటే కందిపప్పు ముందే నానబెట్టి కుక్కర్లో ఉడికించడం, పులుసు మరిగేటప్పుడు మూత పెట్టడం, బర్నర్లు వేళకి బాగు చేయించడం. మూత పెట్టమని చెప్పడానికి ఎంబీఏ కావాలా అని మా ఆయన నవ్వాడు, తర్వాత సిలిండర్ ఎన్నాళ్లు వస్తోందో చూశాక నవ్వడం మానేశాడు.

ఇప్పుడు మీకు నచ్చని మార్పు. రాత్రి తొమ్మిది దాటాక అన్ని కూరలూ ఉండవు. ఇన్నాళ్లూ పదిన్నరకి వచ్చినవాళ్లు కూడా వట్టి చేతులతో వెళ్లకూడదని అన్నీ ఎక్కువే వండేవాళ్లం, మిగిలింది పనివాళ్లకీ, వాళ్ల ఇళ్లకీ పోగా ఇంకా మిగిలితే తడి చెత్త. అన్నం అలా పారేస్తే నష్టం రెండువైపులా అని మా పిల్ల చెప్పింది. నీళ్లు నిలబెట్టిన వరి పొలంలోంచే మీథేన్ అనే గ్యాసు వస్తుంది, పారేసిన అన్నం చెత్తగుట్టలో గాలి తగలకుండా కుళ్లినా మళ్లీ మీథేనే, అది వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. నాకు మాత్రం బియ్యం బస్తా రేటు గుర్తొచ్చింది, అబద్ధం ఎందుకు. కాబట్టి ఇకనుంచి రెండు విడతల్లో వంట, లేటుగా వచ్చేవాళ్లు సాయంత్రం అయిదులోపు వాట్సాప్‌లో చెబితే పక్కన పెడతాం. చెప్పకుండా వచ్చి గుత్తి వంకాయ లేదా అక్కా అంటే, పప్పూ రసమూ మాత్రం ఉంటాయి. అన్నం హాఫ్ పార్సిల్ కూడా మొదలుపెడుతున్నాం, సగం తిని సగం పీజీ డస్ట్‌బిన్‌లో వేసేవాళ్లెవరో మీకే తెలుసు.

ఇంకో మార్పు, కవర్ల బదులు స్టీల్ డబ్బాలు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కర్ణాటకలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల మీద నిషేధం 2016 నుంచి ఉంది, 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, కప్పులు కూడా బంద్. అయినా బజార్లో ఏం దొరుకుతోందో మీరూ చూస్తున్నారు. కంపోస్టబుల్ కవర్లు, అంటే కుళ్లి ఎరువైపోయేవి తెస్తామని ఒక సప్లయర్ వచ్చాడు, మా పిల్ల అతన్ని కూర్చోబెట్టి అలాంటి కవర్లకి ఉండాల్సిన ఐఎస్ 17088 ప్రమాణం, పొల్యూషన్ బోర్డు సర్టిఫికెట్ అడిగేసరికి మళ్లీ ఫోన్ చేస్తానని వెళ్లాడు. సర్టిఫికెట్ ఉన్న కవరైనా దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టింగ్ ప్లాంటులో కుళ్లడానికి తయారు చేసింది, రోడ్డు పక్క పడితే మామూలు కవరులాగే పడి ఉంటుంది, పొడి చెత్తలో కలిస్తే రీసైక్లింగ్‌నీ పాడుచేస్తుంది. అందుకని అవి తీసుకోలేదు. మీ డబ్బా మీరు తెచ్చుకుంటే ప్రతి పార్సిల్ మీదా అయిదు రూపాయలు తగ్గిస్తాం, లేదా మా డబ్బా 150 రూపాయల డిపాజిట్‌తో తీసుకెళ్లండి.

కానీ ఒక మాట. డబ్బా తిరిగి రాకపోతే ఈ పని చేయకపోవడమే నయం. స్టీలు తయారు కావడానికి ఒక్క కవరు కంటే ఎన్నో రెట్లు ఇంధనం ఖర్చవుతుంది, చాలాసార్లు తిరిగితేనే కవరుని గెలుస్తుంది. వస్తువు పుట్టినప్పట్నించీ పారేసేదాకా లెక్కగట్టడాన్ని వాళ్ల కోర్సులో లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు, ఒక సెమిస్టరు దానిమీదే కుస్తీ పట్టిందట. మీ మంచం కింద దుమ్ము కొట్టుకుంటున్న డబ్బా ఈ లెక్క ప్రకారం ప్లాస్టిక్ కవరు కంటే పెద్ద నేరస్తురాలు. తెచ్చివ్వండి బాబూ.

వేపుళ్ల రేటు పెరిగేది నూనె వల్ల. కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె పాడయ్యేకొద్దీ పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి రూలు పెట్టింది, పాత నూనెని బయోడీజిల్‌కి పంపే పద్ధతి కూడా అదే ఏడాది తెచ్చింది. ఇకనుంచి నూనె త్వరగా మారుస్తాం, పాతది, వాడిన నూనె సేకరించడానికి అనుమతి ఉన్నవాళ్లకే ఇస్తాం. రోజూ బండి మీద వచ్చి ఇంకాస్త ఎక్కువిస్తామనేవాళ్లున్నారు, ఆ నూనె మళ్లీ ఏ బజ్జీల మూకుడులోకి చేరుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంక, మీలో కొందరు కూరల కంటే ఎక్కువగా అడిగేది ఆ చదువు గురించే. మా తమ్ముడు చదవొచ్చా అక్కా, ఉద్యోగాలొస్తాయా అని. తను చెప్పింది నాకర్థమైనంతవరకు రాస్తున్నాను. మొక్కలు నాటే చదువు కాదు. అకౌంట్స్, ఫైనాన్స్, సప్లై చెయిన్, పర్యావరణ చట్టాలు, వాటితోపాటు ఈ కార్బన్ లెక్కలు. ఐఐఎం లక్నోలో సస్టైనబుల్ మేనేజ్‌మెంట్ అనే పేరుతోనే రెండేళ్ల కోర్సుంది, భోపాల్‌లో అడవుల నిర్వహణ నేర్పే ఐఐఎఫ్ఎంలో, ఢిల్లీలో ఇంధనం, పర్యావరణం మీద పరిశోధన చేసే టెరివాళ్ల యూనివర్సిటీలో కూడా ఈ ఎంబీఏ ఉంది. అమెరికా వెళ్లే పిల్లలకైతే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 2006లోనే దీనికి విడిగా ఒక స్కూలు పెట్టింది, కొలంబియాలో ఎంఎస్ ఉంది. అయితే ఆ ప్రోగ్రామ్ స్టెమ్ లిస్టులో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల లిస్టులో ఉందో లేదో అప్లై చేయకముందే చూసుకోండి, లేకపోతే ఓపీటీ, అదే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, ఏడాదితో సరి, ఉంటే ఇంకో 24 నెలలు. అంత లోను తీసుకునేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

ఉద్యోగాలు ఎక్కడివంటే, షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్టు ఇవ్వాల్సిందే అంది. కరెంటెంత, నీళ్లెంత, చెత్తెంత, పనివాళ్లకి ప్రమాదాలెన్ని, అన్నీ. ఆ రిపోర్టులు రాసే పని మన అవుటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లాంటి చోట్ల కూడా జరుగుతోంది. మేం భోజనాలు పంపే ఒక ఆఫీసు నుంచి కూడా ఏ ఇంధనం వాడతారు, నెలకెంత అని మాకు ఫారం వచ్చింది. మా సిలిండర్ పొగ మాకు స్కోప్ 1, అంటే మేం సొంతంగా కాల్చింది, వాళ్లకి అదే స్కోప్ 3, అంటే వాళ్లకి సరుకిచ్చేవాళ్ల దగ్గర పుట్టింది అట. ఇలాంటి ఫారాలు వందల మందికి పంపి, జవాబు ఇవ్వనివాళ్ల వెంటపడి, వచ్చిన అంకెల్లో తప్పులు ఏరడం, కొత్తగా చేరినవాళ్లకి ఎక్కువగా పడే పని ఇదేనని మా పిల్ల సీనియర్లు చెప్పారట. అడవులు, పులులు ఊహించుకుని చేరితే ఎక్సెల్ షీటు చూసి నీరసం వస్తుంది.

ఈ ఉద్యోగాల ఊపు కూడా కొంచెం తగ్గింది. కంపెనీలకి సరుకిచ్చేవాళ్ల వివరాలు ఇవ్వడం 2025లో సెబీ ఐచ్ఛికం చేసింది, యూరప్ కూడా అదే ఏడాది ఇలాంటి తన రూల్స్ తగ్గించే ప్రతిపాదన పెట్టింది. రూలు మీద పుట్టిన ఉద్యోగం రూలుతోపాటే ఊగుతుంది. అందుకే నా ఉద్దేశంలో ఇంజనీరింగో సీఏనో, ఏదో ఒక చేతిపని ముందే ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. డిగ్రీ అవగానే ఏం చేయాలో తోచక చేరేవాళ్లు కాలేజీ ఫీజూ, ప్లేస్‌మెంటూ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. మా అన్నయ్యకీ ఇదే చెప్పాను, వినలేదు, పిల్ల మాత్రం సంతోషంగానే ఉంది.

షాపు ముందు ఎకో ఫ్రెండ్లీ అని బోర్డు పెట్టండి అక్కా, బాగుంటుంది అని ఒకరిద్దరు అన్నారు. పెట్టట్లేదు. మా లెక్కలు బయటివాళ్లెవరూ తనిఖీ చేయలేదు, ఆ మాట రాయొద్దని మా పిల్ల గట్టిగా చెప్పింది. ఎవరికైనా లెక్కలు చూడాలనుంటే నోట్‌బుక్ కౌంటర్ దగ్గరే ఉంటుంది.

తనతో చదువు గురించి మాట్లాడాలంటే శనివారం నాలుగు నుంచి ఆరు మధ్య రండి. ఏడు తర్వాత మాత్రం వద్దు, అప్పుడు పార్సిళ్ల దగ్గర నాకు తను కావాలి.