సెల్లార్‌లో మాత్రం వద్దు

చిన్నా,

ఆవకాయ సీసా పిన్ని చేత పంపిస్తున్నాను, ఈ కాగితం ఆ సంచిలోనే పెట్టాను. మలక్‌పేటలో ఎండలు దంచేస్తున్నాయి. నిజాంపేటలో నీళ్లొస్తున్నాయా? నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. పనులుంటాయిలే, నేనేమీ అనుకోవట్లేదు.

పిన్ని ఒక మాట అంది. కారు వెనక సీటు పీకి సెల్లార్‌లో పెట్టిన ఫొటో నీ స్టేటస్‌లో చూసిందట. పెట్రోల్ ముల్లు లేవట్లేదని ఉగాదికే అన్నావుగా. ఆ సీటు కింది ట్యాంక్‌లో పెట్రోల్ కొలిచే ఫ్లోట్ నువ్వే తీస్తున్నావా? ఇంజనీరువి, నీకు నేను చెప్పేదేముంది. ముందు ఎర్త్ వైరు చూశావా మరి? నా చేతికొచ్చిన ఎన్ని బళ్లలో తప్పంతా తుప్పుపట్టిన ఆ వైరుదో!

తీయక తప్పదంటే బండిని బయటికి తోయించు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. సెల్లార్‌లో నేలబారునే పాకి మీ నీళ్ల మోటారు స్విచ్‌లో లేచే నిప్పురవ్వ దాకా పోతుంది.

మీ మల్లన్న మామ సంగతి మర్చిపోయావా? పుత్లీబౌలి షెడ్డులో బండి కింద పడుకుని ట్యాంక్ దించుతున్నాడు, పక్కన నేలమీదే బల్బు. నాలుగు చుక్కలేగా కారింది అనుకున్నాడు. మోచెయ్యి తగిలి బల్బు పగిలింది, గుప్పుమంది. కాళ్లు పట్టి బయటికి ఈడ్చాం. తెలివితక్కువగా బకెట్ నీళ్లు కుమ్మరించింది నేనే. పెట్రోల్ నీళ్లమీద తేలి, మంట షెడ్డంతా తిరిగింది. ఇసుక పోస్తేగానీ ఆరలేదు. మనిషి దక్కాడు, కనుబొమ్మలు పోయాయి. పదిరోజుల్లో పెళ్లి! మీ అమ్మే కాటుకతో దిద్ది పీటలమీదికి పంపింది. తలంబ్రాల వేళకి చెమటకు కరిగి బుగ్గలమీదికొచ్చింది. అత్త ఆ ఫొటోలు ఇప్పటికీ ఎవరికీ చూపించదు.

నీ బండిలో పంపూ ఫ్లోటూ ఒకే ముక్క, పైపులో ప్రెషర్ ఉంటుంది. పంపు ఫ్యూజ్ తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, అప్పుడు బ్యాటరీ నెగటివ్ విప్పు. ట్యాంక్‌లో పావుకన్నా తక్కువుండాలి. ఎక్కువుంటే నోటితో పైపు పెట్టి లాగకు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రే. చుట్టూ మట్టి తుడిచాకే పంపును ట్యాంక్‌కి బిగించిన రింగు విప్పు. బిగుసుకుంటే ఉలి పెట్టి కొట్టకు, నిప్పురవ్వ లేస్తుంది. ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లిగా తట్టు, నా దగ్గరుంది, పంపమంటే పంపిస్తాను. ఫ్లోట్ తీగ వంగకుండా వాల్చి లాగు. పాత రబ్బరు వాషర్ మళ్లీ వేయకు.

చెప్పేదేముంది అంటూనే చెప్పాను. ఆదివారం దాకా ఆగితే నేనే వస్తాను, మెట్రోలో ఎంతసేపు. ఫోన్ మాత్రం ఎత్తు. ఫొటో సంగతి అమ్మకు చెప్పలేదు, పిన్ని చేతా ఒట్టు పెట్టించాను.

సీసా మూత బిగుసుకుంటే వేడినీళ్లు పోసి తియ్యి, సుత్తి తీసుకోకు.

నాన్న